కరీబియన్ వెళ్లిన ఒప్పంద కూలీల గురించి రాసేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా ఖండాలకు మనవాళ్ల వలస అనగానే తెలుగు పాఠకుడికి డాలస్, న్యూజెర్సీ గుర్తొస్తాయి. అంతకు వందేళ్ల ముందే లక్షల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా, అంటే అయిదేళ్లు పని చేస్తామన్న ఒప్పందం మీద, గయానా, ట్రినిడాడ్, సురినామ్, గ్వాడెలూప్ చెరకు తోటలకు వెళ్లారు. వ్యాసం రాద్దామనో, కుటుంబ చరిత్ర వెతుకుదామనో, కథకు నేపథ్యం కావాలనో ఈ చరిత్ర జోలికి వచ్చేవారు తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులివి.

ఈ వలస ఎప్పుడు మొదలైంది? ఎంతమంది వెళ్లారు?

1838 జనవరిలో కలకత్తా నుంచి బయలుదేరిన విట్‌బీ, హెస్పెరస్ ఓడలు మే 5న బ్రిటిష్ గయానా చేరాయి. రెండింటిలో కలిపి సుమారు 400 మంది. అక్కడి దుస్థితి బయటపడి గొడవ కావడంతో వలస ఆగి, 1845లో మళ్లీ మొదలైంది. ఆ ఏడాది మే 30న ఫతేల్ రజాక్ ఓడ ట్రినిడాడ్ చేరింది. జమైకాకూ అదే ఏడాది తొలి ఓడ. మార్టినీక్‌కు 1853లో, గ్వాడెలూప్‌కు 1854లో, సురినామ్‌కు 1873 జూన్ 5న లాలా రూఖ్ ఓడతో మొదలు. కూలీలను చేర్చుకోవడం 1917లో ఆగింది.

మొత్తంగా గయానాకు సుమారు 2,39,000 మంది, ట్రినిడాడ్‌కు 1,44,000, గ్వాడెలూప్‌కు 42,000, జమైకాకు 36,000 పైన, సురినామ్‌కు 34,000, మార్టినీక్‌కు 25,000 మంది వెళ్లారు. ఈ అంకెలు వాడేటప్పుడు ఒక జాగ్రత్త. ఓడ ఎక్కినవారి సంఖ్య వేరు, దిగినవారి సంఖ్య వేరు. దారిలో చనిపోయినవారు, ఓడలోనే పుట్టిన పిల్లలు ఉంటారు. 1856–57లో కలకత్తా నుంచి కరీబియన్‌కు వెళ్లిన ఓడల్లో దాదాపు 17 శాతం మంది దారిలోనే పోయారు. కాబట్టి ఏ లెక్క ఇస్తున్నారో ఒక్క మాటలో చెప్పండి. ఒక పేరాలో ఎక్కినవారి లెక్క, మరో పేరాలో దిగినవారి లెక్క కలిపేస్తే తేడా ఎక్కడొచ్చిందో పాఠకుడికి ఎప్పటికీ తెలియదు.

ఒక్కో చోట ఒక్కో ఏడాది ఎందుకు?

అంతకుముందు ఆ తోటల్లో పని చేసిన ఆఫ్రికన్ల బానిసత్వం ఎప్పుడు రద్దయిందో దానితో పోల్చి చూస్తే విషయం తేలిపోతుంది. బ్రిటిష్ వలస రాజ్యాల్లో 1834లో చట్టం అమల్లోకి వచ్చినా, విముక్తులను అప్రెంటిస్‌ల పేరుతో పాత యజమానుల దగ్గరే కట్టిపడేశారు. ఆ ఏర్పాటు 1838 ఆగస్టు 1న ముగిసింది. గయానాకు తొలి ఓడలు వచ్చింది దానికి మూడు నెలల ముందు. ఫ్రెంచివాళ్లు 1848లో రద్దు చేశారు, వాళ్ల ఓడలు 1853 నుంచి. డచ్చివాళ్లు 1863లో రద్దు చేసి, మరో పదేళ్లు ప్రభుత్వ పర్యవేక్షణలో తోటల్లో పని చేయాల్సిందేనన్నారు. ఆ పదేళ్లు పూర్తయిన 1873లోనే లాలా రూఖ్ వచ్చింది. తోటల యజమానులకు కావలసింది చౌకగా దొరికే, వదిలిపోలేని కూలీ. వ్యాసంలో ఈ సంగతి ముందే చెప్పకపోతే, కరువుకు తాళలేక జనం వాళ్లంతట వాళ్లే ఓడలెక్కారన్నట్టు వినిపిస్తుంది. కరువు నిజమే, కానీ సగం కథే.

వీళ్లలో తెలుగువాళ్లు ఉన్నారా?

ఉన్నారు, కానీ కొద్దిమంది. ఎక్కువ తప్పులు దొర్లేది ఈ జవాబులోనే.

బ్రిటిష్ వలస రాజ్యాలకు అత్యధికులు కలకత్తా రేవు నుంచి, నేటి ఉత్తరప్రదేశ్, బిహార్ ప్రాంతాల నుంచి వెళ్లారు. మద్రాసు రేవు నుంచి గయానాకు వెళ్లినవారు సుమారు 15,000, అంటే నూటికి ఆరుగురు. వాళ్లూ ఎక్కువగా 1845–1862 మధ్యే. అక్కడి కాగితాల్లోనూ జనం నోటిలోనూ వీళ్లంతా ‘మద్రాసీలు’. ఆ మాట రేవు పేరే తప్ప భాష పేరు కాదు. మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారిలో తంజావూరు, చెంగల్పట్టు వాళ్లుంటారు, ఉత్తర ఆర్కాటు, నెల్లూరు వాళ్లూ ఉంటారు. అందరినీ తమిళులనడం ఒక తప్పు. సందు దొరికింది కదా అని తెలుగువాళ్లను చేసేయడం ఇంకో తప్పు. మన పత్రికల్లో రెండోదే ఎక్కువ కనిపిస్తుంది.

ఫ్రెంచి దీవుల కథ వేరు. గ్వాడెలూప్, మార్టినీక్‌లకు వెళ్లినవారిలో దక్షిణాదివారే ఎక్కువ. వాళ్లు ఓడ ఎక్కిన ప్రధాన రేవులు పుదుచ్చేరి, కారైకాల్. అక్కడి భారతీయ సంతతి ఆచారాల్లో తమిళ ఛాయ స్పష్టంగా కనిపించేది అందుకే.

తెలుగు కూలీలు పెద్ద ఎత్తున వెళ్లింది బర్మా, మారిషస్, నేటాల్ (నేటి దక్షిణాఫ్రికాలో భాగం), మలయాలకు. మారిషస్‌లో ఉగాది నేటికీ ప్రభుత్వ సెలవు. కరీబియన్‌లో అలాంటి తెలుగు గుర్తు ఏదీ మిగల్లేదు. చిన్న గుంపులు, తోటకొకరుగా చెదిరిపోవడం, కొత్తగా వచ్చి చేరేవారు లేకపోవడం దీనికి కారణాలు. మీ దగ్గర ఫలానా వ్యక్తి జిల్లా, ఊరు చూపించే కాగితం ఉంటే తెలుగువారని రాయండి. లేదంటే ‘మద్రాసు రేవు నుంచి వెళ్లినవారు’ అనండి, చాలు.

ఇంటిపేరు చూసి పోల్చుకోవచ్చా?

కష్టం. వలస కాగితాల్లో గుమాస్తా రాసుకున్నది ఆ వ్యక్తి పేరు, తండ్రి పేరు. తర్వాతి తరాల్లో తాత పేరే ఇంటిపేరైపోయింది. వీరాసామి, మూన్‌సామి, రామ్‌సామి లాంటి పేర్లు దక్షిణాది మూలం చెబుతాయి, అంతవరకే. వీరాస్వామి తమిళుడూ కావచ్చు, తెలుగువాడూ కావచ్చు. నాయుడు, రెడ్డి లాంటిది కనిపిస్తే కొంత ఆసరా, కానీ అదీ రుజువు కాదు.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి? ఏ వరసలో వెతకాలి?

ఇండియా నుంచి అటు కాకుండా కరీబియన్ నుంచి ఇటు రావాలి. కుటుంబంలో బతికున్న పెద్దవారి దగ్గర మొదలుపెట్టి, జనన, వివాహ, మరణ పత్రాలు ఒక్కో తరం వెనక్కి సేకరించండి. పాత పత్రాల్లో చాలాసార్లు తల్లిదండ్రుల పేరు పక్కన వాళ్లు వచ్చిన ఓడ పేరు, సంవత్సరం, నంబరు ఉంటాయి. ఆ మూడూ దొరికితే సగం పని అయినట్టే. సంవత్సరం లేకుండా ఓడ పేరు ఒక్కటే పట్టుకుంటే దారి తప్పుతారు. గాంజెస్ లాంటి ఓడలు ఎన్నోసార్లు, వేర్వేరు దేశాలకు తిరిగాయి.

తర్వాత వెతకాల్సింది వలస పాస్, అంటే ఓడ ఎక్కే ప్రతి కూలీకీ రాసిన కాగితం. అందులో ఓడ పేరు, డిపో (ఓడ ఎక్కేదాకా కూలీలను ఉంచే శిబిరం) నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా లేదా పరగణా, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు, దగ్గరి బంధువు పేరు ఉంటాయి. గయానావి జార్జ్‌టౌన్‌లోని వాల్టర్ రోడ్నీ ఆర్కైవ్స్‌లో, ట్రినిడాడ్‌వి పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అన్నిటికన్నా సులువు సురినామ్. ఆ కూలీల రిజిస్టరును నెదర్లాండ్స్ జాతీయ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. ఫ్రెంచి దీవుల జనన మరణ రిజిస్టర్లు ఫ్రాన్స్‌లో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లోని విదేశీ వలస రాజ్యాల ఆర్కైవ్స్ సైట్‌లో స్కాన్ రూపంలో ఉన్నాయి. చేతిరాత ఫ్రెంచి చదవడానికి ఓపిక కావాలి. లండన్ దగ్గర క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్‌లో గయానా ఉత్తరప్రత్యుత్తరాలు సీఓ (కలోనియల్ ఆఫీస్) 111 కింద, ట్రినిడాడ్‌వి సీఓ 295 కింద ఉంటాయి. అయితే వాటిలో వ్యక్తుల పేర్లు అరుదు. విధానాలు, ఫిర్యాదులు, విచారణల కోసం చూడాలి. మద్రాసు ప్రభుత్వ ఉత్తర్వులకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ చూడాలి.

ఫిజీ, గయానా, సురినామ్, ట్రినిడాడ్‌లలోని ఈ రికార్డులను యునెస్కో 2011లో ‘ప్రపంచ స్మృతి’ జాబితాలో చేర్చింది. ఆ గౌరవం చూసి అన్నీ భద్రంగా ఉన్నాయనుకోకండి. 1850ల నాటివి అన్ని చోట్లా మిగల్లేదు. మద్రాసు నుంచి ఎక్కువమంది వెళ్లిన కాలమే అది.

పాస్‌లో జిల్లా పేరు ఉంది, కానీ ఊరు దొరకడం లేదు. ఏం చేయాలి?

ముందు ఆ ఏడాదిలో జిల్లా హద్దులు ఎలా ఉన్నాయో చూడండి. 1859కి ముందు కృష్ణా, గోదావరి జిల్లాలే లేవు. రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలుండేవి. గుంటూరు మళ్లీ విడి జిల్లా అయింది 1904లో. చిత్తూరు 1911 దాకా జిల్లా కాదు, ఆ తాలూకాల్లో చాలావరకు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. అంటే పాస్‌లో ఉత్తర ఆర్కాటు అని ఉంటే ఊరు నేటి తమిళనాడులోనే ఉందనుకోవద్దు. అనంతపురం 1882 దాకా బళ్లారిలో భాగం. నేటి శ్రీకాకుళం ప్రాంతం చాలావరకు 1936 దాకా గంజాం జిల్లాలో, ఆ తర్వాత 1950 దాకా విశాఖపట్నంలో ఉండేది. గంజాం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది.

తర్వాత ఉచ్చారణ సంగతి. ఊరి పేరును ఆ మనిషి చెప్పగా దుబాసీ విని, ఇంగ్లిషు గుమాస్తా రాసి, అటువైపు మరో గుమాస్తా నకలు తీసి ఉంటాడు. మూడు చేతులు మారిన పేరిది. పైకి చదవండి, ‘ప’కు ‘బ’, ‘డ’కు ‘ర’ పెట్టి చూడండి, చివర ‘పురం’, ‘పల్లి’, ‘పాడు’ తెగిపోయాయేమో గమనించండి. ఒకే తాలూకాలో అదే పేరుతో నాలుగు ఊళ్లు తేలితే, తేల్చలేకపోయామని రాసేయండి. బాగుందని ఒకటి ఎంచుకోవద్దు.

పాస్‌లో రాసినదంతా నిజమేనా?

ఓడ, తేదీ, నంబరు నమ్మొచ్చు. వయసు అంచనా మాత్రమే. ఇరవై, ఇరవై అయిదు అన్న అంకెలు మరీ ఎక్కువగా కనిపించడం అందుకే. తోట పనికి పనికిరారని తిప్పి పంపుతారన్న భయంతో కులం మార్చి చెప్పినవారున్నారు. ఇంట్లో తెలియకుండా వచ్చినవారు పేరే మార్చుకున్నారు. ఒంటరి ఆడవాళ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ప్రతి వందమంది మగవారికి 40 మంది ఆడవాళ్లు ఉండాలన్న నిబంధన ఏజెంట్లకు తలనొప్పిగా ఉండేది. డిపోలోనే జతలు కట్టించిన సందర్భాలున్నాయి, కాబట్టి ‘భర్త’ అన్న గడిని చూసి సొంత ఊళ్లో పెళ్లయిన జంట అని రాయకండి.

‘కూలీ’ అని రాయొచ్చా?

తెలుగులో కూలి అంటే రోజు పనికి వచ్చే డబ్బు, కూలీ అంటే పనివాడు. మనకది తిట్టు కాదు. గయానా, ట్రినిడాడ్‌లలో మాత్రం అది జాతిని కించపరిచే మాట. 19వ శతాబ్దపు కార్మికుడి గురించి ‘ఒప్పంద కూలీ’ అనండి, తెలుగు పాఠకుడికి అర్థం నేరుగా అందుతుంది. నేటి మనిషిని కూలీ సంతతి అనకండి. ఇండో-గయానీస్, ఇండో-ట్రినిడాడియన్ అని, సురినామ్‌లోనైతే వాళ్లు చెప్పుకునేటట్టు హిందుస్తానీ అని రాయండి.

‘డగ్లా’ అన్న మాట కూడా వస్తుంది. ఆఫ్రికన్, భారతీయ మిశ్రమ సంతతి వారిని అలా పిలిచేవారు. మూలం భోజ్‌పురి తిట్టు. ఇప్పుడు కొందరు తమను తాము అలాగే చెప్పుకుంటారు. వారు చెప్పుకుంటే ఉటంకించండి, మీ మాటగా వాడొద్దు. మూలవాసుల గురించి ‘రెడ్ ఇండియన్’ అని రాసే పాత అలవాటు మానాలి. గయానా వ్యాసంలో అది రెట్టింపు గందరగోళం, ఎందుకంటే అక్కడ ఇండియన్ అంటే మనవాళ్లే.

దీన్ని బానిసత్వం అనవచ్చా? హెచ్‌1బీతో పోల్చవచ్చా?

మొదటి దానిపై చరిత్రకారుల్లోనే వాదన ఉంది. మనిషిని అమ్మడం లేదు, పిల్లలకు ఒప్పందం సంక్రమించదు, అయిదేళ్ల గడువుంది, కూలి ఉంది. తిరుగు ప్రయాణ హామీ ఉండేది, ట్రినిడాడ్, గయానాల నుంచి నాలుగో వంతుకు అటూ ఇటూగా, సురినామ్ నుంచి మూడో వంతు మంది తిరిగొచ్చారు. మరోవైపు, పనికి రాకపోతే జైలు. తోట దాటాలంటే చీటీ కావాలి. ఉన్నది బానిసలు ఖాళీ చేసిన కొట్టాల్లోనే, గయానాలో వాటిని ‘లోజీలు’ అనేవారు. ఈ వివరాలు ఇవ్వండి, పేరు పాఠకుడే పెట్టుకుంటాడు.

రెండోది మాత్రం సోమరి పోలిక. యజమానికి ముడిపడిన వీసా వల్ల ఇబ్బందులు నిజమే. కానీ ఉద్యోగం మానేస్తే వీసా పోవడం వేరు, పని మానేస్తే జైలుకు పోవడం వేరు.

వంటల గురించి రాసేటప్పుడు ఏ పొరపాట్లు వస్తాయి?

పేరు తెలిసినదే కదా అని వంటకమూ తెలిసినదే అనుకోవడం. ట్రినిడాడ్ ‘డబుల్స్’లో ఉండే ‘బారా’ మన వడ కాదు. పసుపు కలిపిన మైదా పిండిని ఈస్టుతో పొంగించి, పల్చగా ఒత్తి నూనెలో వేయించేది. అలాంటివి రెండు, వాటి మధ్య శనగల కూర, పైన చింతపండు, దోసకాయ, మిరప పచ్చడి. రెండుంటాయి కాబట్టే ఆ పేరు.

దాల్‌పూరిని వివరించడానికి బొబ్బట్టు పోలిక బాగా పనికొస్తుంది, ఒక షరతు మీద. లోపల పూర్ణం పెట్టి ఒత్తడం అదే, కానీ తీపి ఉండదు. పూర్ణానికి వాడేది పసుపు బఠాణీ పప్పు. పలుకు మిగిలేలా ఉడికించి, నీళ్లు పూర్తిగా వార్చి, పొడిగా రుబ్బి, వేయించిన జీలకర్ర పొడి, వెల్లుల్లి, మిరప కలుపుతారు. పప్పు మెత్తగా ఉడికితే ముద్దవుతుంది, ఒత్తేటప్పుడు రొట్టె చిరిగి పూర్ణం బయటికొస్తుంది. ఇంతవరకు రాస్తే పాఠకుడి కళ్ల ముందు వంటిల్లు కనిపిస్తుంది. ‘భారతీయ రుచులు నేటికీ నిలిచాయి’ అని రాస్తే ఏమీ కనిపించదు.

ట్రినిడాడ్ ఇంగ్లిషులో జీలకర్ర ‘గీరా’, వంకాయ ‘బైగన్’, పెనం ‘తవా’. ఇవి భోజ్‌పురి వైపు చూపే గుర్తులు. అదే గ్వాడెలూప్, మార్టినీక్‌లలో ధనియాలు, మెంతులు, ఆవాలు, పసుపు కలిపిన మసాలాను, దానితో చేసే మేక మాంసం కూరను ‘కొలంబో’ అంటారు. శ్రీలంక రాజధానికీ దానికీ సంబంధం కన్నా తమిళ కుళంబుకే సంబంధం ఎక్కువ అన్నది సాధారణంగా ఒప్పుకునే మాట. ఏ రేవు నుంచి ఎవరు వెళ్లారో కుండలోనే తెలుస్తుంది.

పండుగలు, పాటలు, వాద్యాల సంగతి?

ఇక్కడ పోలికలు ఊరిస్తాయి. గయానా కాళీమాయి పూజలో వాడే వాద్యం పేరు ‘తప్పు’. మనకు వెంటనే డప్పు, తప్పెట గుర్తొస్తాయి. తమిళంలోనూ ఆ వాద్యం పేరు ‘తప్పు’. అక్కడి పాటల్లో మిగిలినవి తమిళ ముక్కలు, దేవతల పేర్లు మారియమ్మ, మధురై వీరన్. పోలిక చెప్పండి, సొంతం చేసుకోకండి.

తాసా మట్టి డోలు. వాయించే ముందు మంట దగ్గర పెట్టి చర్మం బిగుసుకునేలా కాస్తారు. డప్పు కాచడం చూసినవారికి వేరే వివరణ అక్కర్లేదు. ధంతాల్ అంటే పొడవాటి ఇనుప కడ్డీ, దాన్ని గుర్రపు నాడా ఆకారపు ముక్కతో కొడతారు. పెళ్లికి ముందు ఆడవాళ్లు మట్టి తవ్వి తెచ్చే ‘మటికోర్’ రాత్రి పాటల నుంచి, ఇలాంటి వాద్యాలతో ‘చట్నీ’ అనే ఇండో-కరీబియన్ పాటల శైలి పెరిగింది. 1970 ప్రాంతంలో ట్రినిడాడ్ గాయకుడు సుందర్ పోపో పాటలతో అది రికార్డులకెక్కింది.

ట్రినిడాడ్ ‘హోసే’ మొహర్రం ఊరేగింపు. హిందువులు, ఆఫ్రికన్ సంతతివారు కూడా పాల్గొంటారు. పీర్ల పండుగ చూసిన తెలంగాణ పాఠకుడికి ఇది వింత కాదు. 1884 అక్టోబరు 30న శాన్ ఫెర్నాండో దగ్గర ఊరేగింపుపై పోలీసులు కాల్పులు జరిపి పలువురిని చంపారు. హోసే గురించి రంగులు, తాజియాలు (ఊరేగించే సమాధి నమూనాలు) మాత్రమే రాసి దీన్ని వదిలేస్తే సగం రాసినట్టే.

‘వేల మైళ్ల దూరంలోనూ మన సంస్కృతిని కాపాడుకున్నారు’ అని ముగించవచ్చా?

వద్దు. వాళ్లు కాపాడిన దానికన్నా కొత్తగా చేసుకున్నదే ఎక్కువ. ఓడలో కలిసి వచ్చినవారు ‘జహాజీ భాయి’లయ్యారు. ఆ ఇళ్ల మధ్య పెళ్లి సంబంధాలు కలుపుకోనంత దగ్గరి చుట్టరికం అది. అలాంటి బంధుత్వం ఇండియాలో ఏ ఊళ్లోనూ లేదు. కుల కట్టుబాట్లు చాలావరకు కరిగిపోయాయి. భోజ్‌పురి, అవధి కలిసి సురినామ్‌లో సర్నామీ అనే భాషయింది.

పేర్లు తెలుగులో ఎలా రాయాలి?

వాళ్లు పలికేటట్టు. నరైన్ అనే పేరు నారాయణ్ నుంచి, పర్సాద్ ప్రసాద్ నుంచి వచ్చాయని ఒకసారి చెప్పొచ్చు. కానీ క్రికెటర్ సునీల్ నరైన్‌ను సునీల్ నారాయణ్ అని, చందర్‌పాల్‌ను చంద్రపాల్ అని దిద్దకండి. తప్పు రాసింది గుమాస్తానే అయినా, ఇప్పుడది ఆ కుటుంబం పేరు.

ఇంటర్వ్యూ చేయాలి. ఎలా?

గయానా, ట్రినిడాడ్ మనకన్నా తొమ్మిదిన్నర గంటలు, సురినామ్ ఎనిమిదిన్నర గంటలు వెనక. మన రాత్రి 7:30కి జార్జ్‌టౌన్‌లో ఉదయం 10. పెద్దవారితో గంటన్నర మించి కూర్చోకండి. రికార్డు చేస్తున్నామని, ఎక్కడ వాడతామని ముందే చెప్పి, వాళ్ల ఒప్పుకోలును కూడా రికార్డు చేయండి. ఫైలు వేవ్ రూపంలో, రెండు వేర్వేరు చోట్ల దాచండి.

మొదటి ప్రశ్నగా కులం అడిగితే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. బంధుత్వ పదాలతో మొదలుపెట్టండి. నానమ్మను ఏమని పిలిచేవారు? ట్రినిడాడ్‌లో నాన్న తల్లి ‘ఆజీ’, అమ్మ తల్లి ‘నానీ’. ఎవరింట్లోనైనా దీనికి భిన్నమైన మాట వస్తే వెంటనే రాసుకోండి. దక్షిణాది జాడ దొరికేది అలాంటి చోటే. తర్వాత పెళ్లిలో ఎవరు ఏం పాడతారు, చనిపోయినవారికి ఏం పెడతారు, ఏ రోజు నీచు తినరు అని అడగండి. ‘ఇండియా అంటే మీకు ఏమనిపిస్తుంది?’ అన్న ప్రశ్న వద్దు. జవాబు మర్యాద కోసమే వస్తుంది.

కథ చెరకు తోటతో ఆగుతుందా?

ఆగదు. 1965 అమెరికా వలస చట్టం, 1966లో గయానా స్వాతంత్ర్యం తర్వాతి రాజకీయాలు కలిసి వాళ్ల మనవలను న్యూయార్క్, టొరంటోలకు పంపాయి. 1975లో స్వతంత్రమైన సురినామ్ నుంచి వేలమంది నెదర్లాండ్స్ వెళ్లారు. న్యూయార్క్ క్వీన్స్‌లోని రిచ్‌మండ్ హిల్‌లో ఏటా ఫగ్వా, అంటే హోలీ, ఊరేగింపు తీస్తారు. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఈ చరిత్ర సబ్‌వే దూరంలోనే ఉంది. లిబర్టీ అవెన్యూలో ఒక రొట్టె దుకాణంలో దాల్‌పూరి అడిగి, దాన్ని ఇంట్లో ఎవరు ఒత్తేవారో అమ్మే ఆవిడను అడిగితే ఇంటర్వ్యూ మొదలైనట్టే. రద్దీ లేని మధ్యాహ్నం మూడు గంటల వేళ వెళ్లండి.